పదకొండూ నలభై

రేవు దాటించే పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. కదులుతోందా, ఆగే ఉందా అని హైమ స్కూటీ మీద కూర్చునే కళ్ళు చికిలించి చూసింది గానీ, మూడు రోజులుగా పట్టిన ముసురులో సఖినేటిపల్లి రేవూ గోదావరీ ఆకాశమూ ఒకే బూడిద రంగులో కలిసిపోయి ఏదీ తేలడం లేదు, చేతిలో ఫోను మాత్రం పన్నెండూ ఇరవై రెండు అని స్పష్టంగా చూపిస్తోంది, అంటే భీమరాజు గారి చెరువుల మీద ఏరియేటర్లు ఆగి గంటా పన్నెండు నిమిషాలు. గాలి లేదు. ఎండ లేదు. ఎండ ఉంటే నీళ్ళలోని పాచి ఎంతో కొంత ఊపిరి పోస్తుంది, గాలి ఉంటే అలలు కాస్త పోస్తాయి, రెండూ లేని రోజున ఆ ఏరియేటర్ల చక్రాలు నీళ్ళను చిలికితే తప్ప రొయ్యకు ప్రాణవాయువు లేదు, ఆ చక్రాలను తిప్పే మెషీను అవతలి ఒడ్డున ఉంది, దాని తలుపులన్నీ మూసేసింది తనే, మూసేసి తనూ బయట నిలబడిపోయింది. నాలుగు రోజుల్లో పట్టుబడి, రొయ్య పట్టి అమ్మే రోజు. పోయినేడు రెండు పంటలూ తెగులుకి పోయాయి, ఇదీ పోతే చెరువులు పూడ్చేసి ఎక్కడికైనా వెళ్ళిపోతానండీ అని భీమరాజు గారు నవ్వుతూ అన్నారు, ఆయన నవ్వుతూ అన్నవన్నీ చేసే మనిషి. ఫోన్లోంచే మెషీనుకి మళ్ళీ కనెక్ట్ చేసి చూసింది. నల్లటి తెర మీద తెల్లటి గీత కాసేపు మిణుకుమిణుకుమని, ఆ తర్వాత టైమ్డ్ అవుట్ అని పడింది. పద్దెనిమిదోసారి.

ఇదంతా పొద్దున ఆ మెషీను లాగ్, అంటే ఎవరొచ్చారో ఎవరు వెళ్ళారో అది రాసుకునే చిట్టా, చూడటం వల్ల వచ్చింది, చూడకుండా కాఫీ తాగేసి ఊరుకుంటే పోయేది కదా అని తనను తాను తిట్టుకుంది, కానీ చూడకుండా ఎలా ఉంటుంది, చూడటమే కదా తన ఉద్యోగం. ఆ మెషీను ఒక సర్వర్, సర్వర్ అంటే జనం బీరువాలాంటిదేదో ఊహించుకుంటారు, నిజానికి అది అరచేయంత బోర్డు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పంపు షెడ్డు గోడకి కొట్టింది, లోపల లినక్సు. ఇలాంటివి ఈ చుట్టుపక్కల చెరువుల మీద పదకొండున్నాయి, పదకొండింటినీ నరసాపురంలో ఇంటి వసారాలో కూర్చుని చూసుకుంటుంది, పక్కన చాప మీద అమ్మ మాణిక్యాంబ లేసు అల్లుకుంటూ ఉంటుంది. ఆ వసారాలోనే పొద్దున లాగ్ తెరిస్తే ఎవరో, ఎక్కడివాడో, భీమరాజు గారి మెషీను తలుపు తడుతున్నాడు, రూట్ అనే పేరుతో, అంటే అన్ని అధికారాలూ ఉన్న పేరుతో, పాస్‌వర్డు మీద పాస్‌వర్డు, వందలసార్లు. తెల్లవారుజాము నాలుగూ పన్నెండు నుంచి మొదలు. నాలుగింటికి దొంగలే తిరుగుతారు అనుకుంది, అంతే, చేతులు వాటంతటవే పరిగెత్తాయి, బయటనుంచి వచ్చే దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ పోయింది. భయంలో చేసే పని ఎంత శ్రద్ధగా చేస్తామో, మామూలప్పుడు అంత శ్రద్ధ ఎక్కడికి పోతుందో తెలీదు.

దొంగ వచ్చాడు సరే, నువ్వెలా లోపలికి వెళ్తావు అని జగన్నాథరావు మాస్టారు అడిగేవారు, రాజమండ్రి కాలేజీలో, ల్యాబులో, ముక్కుపొడి వాసనతో వెనక నిలబడి. దూరం నుంచి తాళం వేసేటప్పుడు ముందు చెవి గుమ్మం కింద దాచుకోవాలమ్మా అనేవారు. చెవి అంటే ఇంకేం లేదు, పది నిమిషాల తర్వాత ఈ తాళాలన్నీ తీసెయ్యి అని మెషీనుకి ముందే ఒక ఆజ్ఞ రాసిపెట్టడం, అంతా సవ్యంగా ఉంటే ఆ ఆజ్ఞ కొట్టేస్తాం, మనం బయట చిక్కుకుంటే అదే వచ్చి తలుపు తీస్తుంది. రూట్‌గా ఉన్నప్పుడు నిన్ను ఆపేవాడు ఉండడు, అందుకని అప్పుడే భయపడు అనేవారు మాస్టారు, పిల్లలు వెనకాల నవ్వేవాళ్ళు, హైమ నవ్వలేదు, రాసుకుంది, పన్నెండేళ్ళుగా ఒక్కసారి కూడా చెవి దాచకుండా తాళం వెయ్యలేదు. ఇవాళా దాచింది. గడియారం చూసి, పదకొండున్నర అయింది కదా అని, పదకొండూ నలభైకి తీసెయ్యి అని రాసింది. తాళం వేసింది. తెర బిగుసుకుపోయింది. తన దారి కూడా మూసేసుకుందన్నమాట, పోనీలే పది నిమిషాలే కదా అని మంచినీళ్ళు తాగింది. పదకొండూ నలభై అయింది. నలభై ఒకటి. నలభై అయిదు. అమ్మ సూది ఆపి, ఏంటే అలా అయిపోయావు అంది. యాభై దాటాక, లాగులోని ఆ నాలుగూ పన్నెండు కళ్ళ ముందుకొచ్చింది, దాని కింద ఆఖరి వరుస కూడా వచ్చింది, అయిదూ యాభై ఆరు, అది చదివినప్పుడు గోడ గడియారం పదకొండూ ఇరవై ఆరు, రెండూ చూసింది, రెండూ కళ్ళతోనే చూసింది, కళ్ళ వెనక ఎవరూ లేరు. మొన్న పాత మెమరీ కార్డు పోతే కొత్తది వేసి అన్నీ సర్దింది, మన దేశపు టైము పెట్టడం ఒక్కటే మరిచిపోయింది. ఆ మెషీను రెండు రోజులుగా గ్రీన్విచ్ టైములో బతుకుతోంది, ఐదున్నర గంటలు వెనక. దానికి ఇప్పుడు పొద్దున్నే. దాని పదకొండూ నలభై మన సాయంత్రం అయిదూ పదికి అవుతుంది, అప్పుడు అది బుద్ధిగా లేచి తాళాలు తీస్తుంది, చచ్చిన రొయ్యల మీద.

పది నిమిషాల తర్వాత అని రాసి ఉంటే సరిపోయేది. అలా కూడా రాయొచ్చు. ఏ గడియారంతోనూ పని లేదు.

పంటు కదిలింది, ఈసారి నిజంగానే, నీళ్ళ మీద నల్లటి గీతలా. పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన ఎక్కి ఉంటే ఈపాటికి ఎక్కడుండేది, గంట పైనే పడుతుంది, కాదు పంటే దగ్గర, పంటు రావాలి, నిండాలి, వెళ్ళాలి, ఏ దారి ఎంచుకున్నా రెండోదే మంచిదని మనసు పొడుస్తుంది. చంద్రరావుకి మళ్ళీ ఫోన్ చేసింది. చెరువుల దగ్గర కాపలా, మేత వెయ్యడం, వల చూడటం అన్నీ ఆయనే, యాభై దాటిన మనిషి, గట్టు మీదే పాక. రింగ్ అవుతోంది. నిండా అవుతోంది, ఆగిపోతోంది, ఎత్తడు. ఇది పదకొండో, పన్నెండో. ఎప్పుడూ రెండో రింగుకే ఆయ్ చెప్పండమ్మా అనే మనిషి ఎందుకు ఎత్తడు. పాకలో నిద్రపోయాడా, పగలు నిద్రపోడు. చెరువులో కాలు జారాడా. తీగ మీద చెయ్యి పడిందా, తడి షెడ్డు, తడి కాళ్ళు. లేదా చూశాడేమో, చూసేశాడేమో, తెల్లగా తేలినవన్నీ చూసి గట్టు మీద కూలబడిపోయాడేమో. ఎత్తినా ఏం చెయ్యగలడు? షెడ్డులో చేత్తో తిప్పే స్విచ్చు ఉంది, దాని మీద ఇనప మూత ఉంది, మూతకి తాళం ఉంది, ఆ తాళం చెవి ఇదిగో ఈ హ్యాండ్‌బ్యాగులో, దువ్వెనకీ లేసు దారపు ఉండకీ మధ్య ఉంది. చెయ్యి లోపల పెట్టి తడిమి చూసుకుంది, చల్లగా తగిలింది.

ఆ తాళం వేయించింది తనే. ఎండాకాలంలో చంద్రరావు ఒకసారి స్విచ్చు చేతి వైపు తిప్పి, మళ్ళీ మెషీను వైపు తిప్పడం మరిచిపోతే మోటారు కాలింది, ఆ రోజు తను ఎంత గొంతు చేసుకుందో ఇప్పుడు ఒక్కొక్క మాటా తిరిగి వినిపిస్తోంది. నీళ్ళు చూస్తే తెలిసిపోద్దండి, రంగు మారద్ది, వాసనొస్తది అన్నాడాయన, తలపాగా విప్పి చేతిలో నలుపుకుంటూ. మీ ముక్కు కన్నా నా సెన్సరు నయం అంది తను. ఇంకోసారి దీని మీద చెయ్యి వేశారంటే భీమరాజు గారితో చెప్పి పంపించేయిస్తాను, అప్పుడు నన్నని లాభం లేదు అని కూడా అంది. ఆయ్, అలాగేనండి అన్నాడు. తండ్రి వయసు మనిషిని అంత మాట అని, గట్టు దిగి వచ్చి, స్కూటీ అద్దంలో ముఖం చూసుకుని, పని చేయించడం నేర్చుకున్నానని మురిసింది కూడాను. సెన్సరు నయమట. తను వేసిన తాళాల్లో ఆ సెన్సరు గొంతు కూడా నొక్కుకుపోయింది, అది నీళ్ళలోంచి చెప్పేది మెషీనుకి చేరదు, ఇప్పుడా షెడ్డులో అది గుడ్డీ, చెవిటీ.

పంటు వచ్చి రేవుకి తగిలింది. దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొచ్చారు, బైకులూ, ఒక కొబ్బరికాయల ఆటో, చేపల తట్టల ఆడవాళ్ళు, హైమ స్కూటీని తాపీగా కాకుండా మొండిగా నడిపించి రెయిలింగు పక్కన నిలబెట్టింది. ఇక బయల్దేరాలి కదా, బయల్దేరరే. ఇంకో కారు వస్తోందట, గట్టు మీద కనిపిస్తోందట. భీమరాజు గారికి చెయ్యాలి. చెయ్యాలని పావు గంటగా తెలుసు. పక్క చెరువుల వాళ్ళ నంబర్లు ఆయన దగ్గరే ఉంటాయి, ఆయన ఒక్క కేక వేస్తే గునపం తీసుకుని ఎవరో ఒకరు షెడ్డుకి పరిగెడతారు, ఇది అయిదేళ్ళ పిల్లకి కూడా తెలిసే విషయం. పంట నిలిచిందని ఆయన ఇవాళ కుటుంబంతో అన్నవరం కొండ మీద వ్రతం చేయించుకుంటున్నారు, పీటల మీద కూర్చుని ఉంటారు, పక్కన భార్య నాగదుర్గ గారు పసుపు చీరలో, ఆ సమయంలో ఫోన్ చేసి, ఏమండీ, మీ చెరువులు నేను అని, ఏమని? బొటనవేలు నంబరు మీద ఆనింది. ఒక రింగ్. రెండో రింగ్ పూర్తి కాకుండా కోసేసింది. కోసేసిందే కాక, పూజలో ఉంటారు పాపం అని తనకు తనే సర్దిచెప్పుకుంది, ఆ పాపం ఎవరి మీద జాలో తనకి బాగా తెలుసు.

ఇంజను కొట్టుకోవడం మొదలైంది, ఒడ్డు వదిలింది. దేవుడా, ఇవాళ ఒక్కసారి కరెంటు తియ్యి అనుకుంది, పుట్టి బుద్ధెరిగాక కరెంటు పోవాలని మొక్కుకోవడం ఇదే మొదలు. కరెంటు పోయి వస్తే మెషీను ఆరి మళ్ళీ వెలుగుతుంది, ఆ తాళాలు శాశ్వతంగా రాసినవి కావు, వాటంతటవే చెరిగిపోతాయి, అన్నీ మామూలైపోతాయి. ముసురు రోజు, ఈ లైనులో గంటకోసారి పోవడం మామూలే, పోయే ఉంటుంది కూడా. కానీ పోయినా ఏం లాభం, కరెంటు పోయినా మెషీను ఆరకూడదని బ్యాటరీ పెట్టింది ఎవరు, పెట్టి పదిమందికి చూపించింది ఎవరు. ఎక్కడ చెయ్యి పెట్టినా తను ముందుజాగ్రత్తగా కట్టిన గోడే తగులుతోంది. ఇంకో గోడ ఉంది, అన్నిటికన్నా పాతది. రెండేళ్ళ కిందట ఈ చక్రాలు నడిపే ప్రోగ్రాము రాస్తున్నప్పుడు ఒక చోట చెయ్యి ఆగింది, సెన్సరు నుంచి కబురు రాకపోతే ఏం చెయ్యాలి, చక్రాలు తిప్పాలా, ఆపాలా. చాలాసేపు ఆలోచించి, ఏమీ తెలియనప్పుడు ఉన్నది ఉన్నట్టు ఉంచు అని రాసింది. ఎంత పెద్దమనిషి తరహా మాటలా అనిపించిందో అప్పుడు. పదకొండూ పదికి నీళ్ళు బాగున్నాయని చక్రాలు ఆగాయి, తర్వాత కబురు రాలేదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు. తెలియనప్పుడు తిప్పు అని రాసి ఉంటే, కబురు తెగినా చక్రాలు తిరుగుతూనే ఉండేవి, కాస్త కరెంటు దండగయ్యేది, అంతే.

"ఏంటమ్మా, అలా వణికిపోతున్నావు? నీళ్ళంటే బయ్యవా?" పక్కన తట్ట మీద కూర్చున్నావిడ అడిగింది.

"లేదండి," అంది హైమ. "చెరువు దగ్గర పనుందండి."

"చెరువులోళ్ళందరికీ ఇదే రోగం," అని ఆవిడ తమలపాకు నోట్లో పెట్టుకుంది, అటు తిరిగిపోయింది.

అది రోగమే. ఉదయభాస్కర్ బాబాయి చెరువు పోయిన రోజున హైమకి తొమ్మిదేళ్ళు. పొద్దున్నే ఎవరో కేక వేస్తే అందరూ పరిగెత్తారు, గట్టు ఎక్కేసరికి నీళ్ళు కనిపించలేదు, ఎర్రగా తెల్లగా ఒకదాని మీద ఒకటి రొయ్యలు అంచుల వెంబడి, కొన్నింకా మీసాలు ఆడిస్తున్నాయి, కొంగలు ఎగరను కూడా ఎగరకుండా తింటున్నాయి. ఎవరూ ఏడవలేదు. బాబాయి మోకాలి లోతు నీళ్ళలో దిగి రెండు చేతులతో నీళ్ళు చిమ్ముతూ ఉన్నాడు, చక్రంలా, ఊపిరి పోద్దామని, ఎవరు పిలిచినా పలకలేదు, పిన్ని వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ తర్వాత ఆయన మాట్లాడటం తగ్గించేశాడు. ఈ మెషీన్లు పెట్టాలని తనకి పుట్టిన ఆలోచన అక్కడిదే, ఎవరూ అలా నీళ్ళు చిమ్మకూడదని. భీమరాజు గారికి మొదటిరోజు చెప్పింది కూడా ఆ మాటే, మీరు నిశ్చింతగా ఉండండి, నేను చూసుకుంటాను అని, ఆయన నమ్మేశారు. నమ్మకపోయినా బాగుండేది. అవతలి రేవులో తాడు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇప్పుడు కనిపిస్తున్నాడు, అగ్గిపుల్లంత, తర్వాత వేలంత, ఇంకా ఇంకా దూరంగానే ఉన్నాడు. ఒకటికి పదినిమిషాలు తక్కువ.

దిగింది. స్కూటీ ఎలా స్టార్టయిందో గుర్తులేదు. కొబ్బరితోటలు రెండు వైపులా వెనక్కి పోతున్నాయి, బురద, గుంట, బడి గోడ, బస్సు, పక్కకి తప్పుకుంది, ఎవరో తిట్టారు, తిట్టనీ. కాలువ వంతెన దగ్గర ఆకాశంలోకి చూసింది, కొంగల కోసం. ఉన్నాయి. భీమరాజు గారి చెరువుల వైపే ఉన్నాయి, నాలుగు, కాదు అయిదు, కిందకి వంగి తిరుగుతున్నాయి. అయిపోయింది అనుకుంది. ఇంక మెల్లగా వెళ్ళినా ఒకటే అనుకుంది, అయినా చెయ్యి యాక్సిలరేటర్ వదల్లేదు. గట్టు మలుపు దగ్గర చక్రం జారి, స్కూటీ ఒక పక్కకి ఒరిగింది, దాన్ని అక్కడే పారేసి, బ్యాగు గుండెకి అదుముకుని పరిగెత్తింది, చెవుల్లో తన ఊపిరి తప్ప ఏమీ వినిపించడం లేదు, చాలాసేపటికి గానీ అర్థం కాలేదు, అది ఊపిరి చప్పుడు కాదు. చక్రాల చప్పుడు. రెండు చెరువుల మీదా, అన్ని చక్రాలూ, తెల్లటి నురుగు చిమ్ముతూ తిరుగుతున్నాయి. హైమ గట్టు మీద నిలబడిపోయింది. నీళ్ళ అంచున పదో ఇరవయ్యో తెల్లగా తేలి ఉన్నాయి, కొంగలు వాటికోసమే వచ్చాయి, అంతకు మించి లేవు. తడిగడ్డిలో కూర్చుండిపోయింది.

షెడ్డు గుమ్మంలో చంద్రరావు ఉన్నాడు. తనను చూసి లేచి నిలబడ్డాడు, తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర గునపం, పక్కన వంకరపోయిన ఇనప మూత, తెగిన తాళం.

"తప్పయిపోయిందండి అమ్మాయి గారండి," అన్నాడు. "నీళ్ళు వాసనొచ్చేసినయ్యండి. రొయ్య గట్టుకొచ్చేసింది. మెషీను చూస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇంక ఆగలేక బద్దలుకొట్టేశానండి. పన్నెండింటికి."

పన్నెండింటికి. అంటే తను ఇంటి దగ్గర స్కూటీ తాళం వెతుక్కునేసరికే. అంటే రేవులో, పంటు మీద, ఆ చచ్చినంత సేపూ ఇవి తిరుగుతూనే ఉన్నాయి. "మరి ఫోన్..." అంది.

చంద్రరావు పాక వైపు చూశాడు. నులకమంచం మీద ఫోను బోర్లా పెట్టి ఉంది. "మోగతానే ఉందండి. మీ పేరు చూశాను. తాళం సంగతి అప్పుడే తెలిసిపోయిందేమో, పంపించేత్తారేమో అని..." తలపాగా గుడ్డ రెండు చేతుల్లో మెలితిప్పుతున్నాడు. "బయ్యమేసి ఎత్తలేదండి."

తిట్టు పడుతుందని ఎదురుచూస్తూ ఆ మనిషి గంట పైగా ఈ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, చెరువులు కాపాడి, దొంగలా. తనను చూసి. మెషీను తలుపు తట్టిన ఆ ఎక్కడివాడో దొంగను చూసి తను భయపడింది, తనను చూసి ఈయన భయపడ్డాడు, ఎవరి తాళాలు వాళ్ళు వేసుకున్నారు. హైమ లేచి, బ్యాగులోంచి చెవి తీసింది, ఇక దానికి తాళం లేదు, అయినా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది, కొత్త తాళం తెస్తాను, రెండు చెవులూ మీ దగ్గరే ఉంచుకోండి అంది. ఆ రోజు మిమ్మల్ని అలా అనకూడదండి అని కూడా అంది. ఆయన కంగారుపడిపోయి, అయ్యో, పర్లేదండి, పర్లేదండి అంటూ, టీ పెడతానండి అని పాకలోకి పోయాడు.

ఇంకా ఒకటి మిగిలింది. ఫోన్ తీసింది. ఇప్పుడు పోయేదేమీ లేదు, చెప్పకపోయినా ఎవరికీ తెలియదు, చంద్రరావు తాళం పగలగొట్టాడనే తెలుస్తుంది. ఒక రింగ్. రెండు రింగులు. వేలు ఎర్ర గుర్తు మీదకి పోయింది, దాన్ని వెనక్కి తీసుకుంది. మూడు.

"ఆయ్, హైమ గారూ! ఇందాక మీది మిస్డ్‌కాల్ చూశానండి, పూజలో ఉన్నాం," వెనక గంటలు మోగుతున్నాయి, భీమరాజు గారి గొంతు నిండా సంతోషం. "మీకూ ప్రసాదం తెస్తున్నాను. చెరువులు బాగున్నాయా అండీ?"

"బాగున్నాయండి," అంది హైమ. "చంద్రరావు గారు కాపాడారు. పొద్దున నేనొక తప్పు చేశానండి."